మంచు మీద గ్లౌజు

హిలాల్ కనుబొమల మీద ఇంకా పిండి ఉంది. చీకటితోనే లేచి తండ్రి పక్కన కూర్చుని తందూరులో రొట్టెలు కాల్చి, చేతులు దులుపుకుని, స్నోబోర్డు భుజాన వేసుకుని నేరుగా కొండ మీదికి పోయే తీగబండి, గండోలా క్యూలోకి వచ్చేశాడు. ముందు నిలబడ్డ ఫిర్దౌస్ వెనక్కి తిరిగి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మీ ఇంట్లో నీళ్ళు లేవట్రా?"

"ఉన్నాయి, రాళ్ళలా ఉన్నాయి. పగలగొట్టి మొహానికి రుద్దుకోనా? నా సంగతి సరే, ఫోను చార్జింగ్ పెట్టావా?"

"పెట్టాను."

"పై జేబులో మాత్రం పెట్టకు. పైకెళ్ళేసరికి చలికి చస్తుంది. ఒంటికి ఆనించి పెట్టుకో, ఇలా." హిలాల్ జాకెట్ జిప్పు కిందికి లాగి చూపించాడు. లోపల బట్టలో చుట్టిన రొట్టె ఉంది. పొద్దుటి వేడి ఇంకా పోలేదు, వాసన గుప్పున వచ్చింది.

ఎప్పుడు కొండకు వచ్చినా ఒక్క రొట్టే తెస్తాడు. దిగాక సుల్తాన్ కాక్ టీకొట్లో దాన్ని సగానికి తుంచి, పెద్ద సగం ఏదో చూసుకుని మరీ తను తీసుకుంటాడు. ఇదేం మర్యాదరా అని ఫిర్దౌస్ అడిగితే, కాల్చినవాణ్ణి నేను కదా అంటాడు.

క్యూలో వెనక నుంచి మాంసం కొట్టు యాకూబ్ మెడ చాచాడు. ఆరడుగుల మనిషి, ముప్పై దాటాక ఈ ఏడే బోర్డు నేర్చుకుంటున్నాడు.

"ఇవాళ నన్నూ రానివ్వండి భాయ్. మీకు అడ్డం రాను. ఓ పక్కన ఉంటాను."

"నువ్వా?" అన్నాడు హిలాల్. "నేను మంచు కింద పడితే నువ్వు తవ్వాలి. మొన్న మీ కొట్టు ముందు పార పట్టావు, చూశాన్లే. టీలో చక్కెర కలుపుతున్నట్టు తవ్వావు. నీకు నా టోపీ కనబడేసరికి తోటల్లో బాదం పూస్తుంది."

క్యూలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. యాకూబ్ కూడా నవ్వాడు. "నాకు ఫిర్దౌస్ చాలు," అంటూ హిలాల్ ఫిర్దౌస్ వీపు మీద ఒకటి చరిచాడు. ఆ చరుపు ఫిర్దౌస్‌కు ఎప్పటిలాగే బాగుంది. ఇవాళ బాగుండకపోతే బాగుండునని కూడా అనిపించింది.

ఫోను గొడవంతా కాదిర్ సాహెబ్ వల్ల వచ్చింది. దూర దేశాల నుంచి వచ్చేవాళ్ళను కొండ వెనక్కి తీసుకెళ్ళే కాదిర్ సాహెబ్ ఈ చలికాలం తన పక్కన ఇంకో గైడును పెట్టుకుంటున్నాడు. టంగ్‌మర్గ్‌లో బోర్డు మీద నిలబడగలిగిన ప్రతివాడూ ఆయన గుమ్మం తొక్కి వచ్చాడు. అందరినీ వడగట్టి ఆయన ఇద్దరిని మిగిల్చాడు, హిలాల్‌నీ ఫిర్దౌస్‌నీ. కొండ దిగుతున్న వీడియో చెరొకటి తీసి తెమ్మన్నాడు. శుక్రవారం పేరు చెప్తానన్నాడు. ఫిర్దౌస్ వీడియో పోయిన వారమే అయింది, తీసింది హిలాలే. బాబా రేషీ దర్గా పైనున్న చెట్ల మధ్య నుంచి ఎక్కడా తడబడకుండా శుభ్రంగా దిగాడు. తర్వాత దాన్ని ఎన్నిసార్లు చూసుకున్నా తప్పు కనబడలేదు. రెండోసారి చూడాలనిపించేది కూడా ఏదీ కనబడలేదు.

హిలాల్ మాత్రం కత్తెర దిగుతానన్నాడు.

కత్తెర అంటే శిఖరానికి అవతల, రెండు రాతి గోడల మధ్య ఉన్న ఇరుకు గొంది. పైన మనిషి చేతులు చాపితే అటూ ఇటూ రాయి తగులుతుందేమోనన్నంత సన్నం, కిందికి పోయేకొద్దీ తెరిచిన కత్తెరలా వెడల్పు. ఎండాకాలంలో గొర్రెలు కూడా అటు పోవు. ఊళ్ళో దాన్ని దిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాళ్ళలో కాదిర్ సాహెబ్ ఒకరు. ఆ వీడియో ఒక్కటి ఆయన చేతిలో పడితే ఇక శుక్రవారం దాకా ఆగే పని ఉండదు.

ఫిర్దౌస్ పనిచేసేది బోర్డులు అద్దెకిచ్చే కొట్లో. మంది బోర్డులు తిరగేసి, ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి పూసి, గీకి, గుడ్డతో మెరుగుపెట్టి ఇస్తుంటాడు. పొద్దున అద్దంలా ఇచ్చింది సాయంత్రం రాళ్ళ గాట్లతో తిరిగొస్తుంది. ఆ మైనం వాసన అతని జుట్టుకూ దుప్పటికీ పట్టేసింది. కాదిర్ సాహెబ్ పక్కన ఆ చోటు దొరికితే ఈ వాసన వదులుతుందని ఆశపడ్డాడు. ఆశ పుట్టిన దగ్గర్నుంచి అతనికి సరిగా నిద్ర లేదు.

గండోలా పైమజిలీలో దిగేసరికి గాలి లేదు, మబ్బు లేదు. కొంచెం గాలైనా ఉంటే బాగుండునని ఫిర్దౌస్ అనుకున్నాడు. గాలి ఉంటే ఇద్దరూ కలిసి తిట్టుకుంటూ వెనక్కి తిరిగేవాళ్ళు. మంచు పడి కూడా చాలా రోజులైంది, పడ్డదంతా చలికి కుదురుకుని గట్టిగా ఉంది. వెనక్కి తిరగడానికి కొండ ఒక్క సాకూ ఇవ్వలేదు.

ఇద్దరూ జాకెట్ల కింద ఛాతీకి కట్టుకున్న బీకన్లు ఆన్ చేశారు. ఒకడు మంచు కింద పడితే వాడి ఒంటి మీది బీకన్ రెండోవాడి చేతిలోని దానికి జాడ చెబుతుంది. హిలాల్ కొంతదూరం నడిచి వెళ్ళి చేతులు పైకెత్తాడు.

"కూస్తోందా?"

"కూస్తోంది. మీ నాన్న తెల్లారుజామున ఫజర్ నమాజుకు నిన్ను లేపినట్టు."

తర్వాత శిఖరం అంచు వెంట నడక. హిలాల్ ముందు నడుస్తూ బూటు ముక్కుతో గట్టి మంచును తన్ని మెట్లు వేస్తుంటే, ఫిర్దౌస్ ఆ మెట్లలోనే కాళ్ళు పెడుతూ వెనక నడిచాడు. వీపు మీద బోర్డు, పార, గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ. ఏ కొండ మీదైనా వాళ్ళ వరస ఇదే. ఎవరూ అనుకుని పెట్టుకున్నది కాదు, మొదటిరోజు అలా నడిచారు, అంతే. ఫిర్దౌస్ ఒకచోట కావాలని పక్కకు జరిగి సొంతంగా ఒక మెట్టు తన్నుకున్నాడు. కాలు మోకాలి దాకా దిగబడింది.

"ఏం తవ్వుతున్నావురా అక్కడ? నిధా?" అన్నాడు హిలాల్ వెనక్కి చూడకుండానే.

కత్తెర నెత్తికి చేరాక హిలాల్ పార విప్పాడు. అంచుకు ఇవతల, అదే వాలున్న చోట నడుం లోతు గొయ్యి తీశాడు. గోడను నున్నగా చెక్కి, వేలితో పై నుంచి కిందికి గీసి ఏ పొర ఎంత గట్టిగా ఉందో చూశాడు. తర్వాత మంచును స్తంభంలా కోసి చుట్టూ విడదీసి, దాని నెత్తిన పార పెట్టి అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. ముందు మణికట్టు ఆడించి, తర్వాత మోచెయ్యి ఎత్తి, చివరికి భుజం బలమంతా వేసి కొట్టాడు. లోపల బలహీనమైన పొర ఉంటే స్తంభం అక్కడ జారుతుంది, అలాంటి వాలు మీద మనిషి దిగితే మంచంతా కూలి పడుతుంది. పై పెచ్చు కాస్త నలిగింది తప్ప స్తంభం ఎక్కడా జారలేదు.

"నువ్వూ కొట్టు."

ఫిర్దౌస్ కొట్టాడు. అది కదల్లేదు. ఇంకోసారి, కావలసినదానికంటే గట్టిగా కొట్టాడు.

"చాల్లేరా, పగ పట్టినట్టు కొడుతున్నావు. మా నాన్న నిన్నటి రొట్టెలా ఉంది ఇది, పంటికి కూడా లొంగదు."

ఇక గ్లౌజులు మిగిలాయి. దిగే ముందు ఇద్దరూ కుడిచేతి గ్లౌజు తీసి పక్కపక్కన మంచు మీద పెడతారు. రెండూ కింద ఉంటేనే దిగడం. ఎవరైనా తనది తిరిగి తీసుకుంటే ఇద్దరూ వెనక్కి. ఎందుకని అక్కడ అడగకూడదు, మొహం కూడా మాడ్చకూడదు. కింద టీ చేతికొచ్చాకే అడగాలి. పైన వాదులాడుకుంటే ఎప్పుడూ నోరున్నవాడే గెలుస్తాడని, గెలిచినవాడు ఇద్దర్నీ చంపుతాడని హిలాల్ అనేవాడు. ఇద్దర్లో నోరున్నవాడు తనేనని తెలుసు కాబట్టి ఈ కట్టుబాటు పెట్టింది కూడా అతనే. ఇన్నేళ్ళలో హిలాల్ మూడు నాలుగుసార్లు తన గ్లౌజు తీసుకున్నాడు. ఫిర్దౌస్ ఎప్పుడూ తీసుకోలేదు, ఆ అవసరం రాకముందే హిలాల్ తీసుకునేవాడు.

రెండు గ్లౌజులూ మంచు మీద పడ్డాయి. ఒకదానికి పిండి, ఒకదానికి మైనం.

హిలాల్ కూర్చుని బూట్లు బోర్డుకు బిగించుకుంటున్నాడు. పట్టీలు బిగింపుల పళ్ళల్లో పడి కిర్రుకిర్రుమంటున్నాయి. "ఎడమ గోడ నీడలోంచి వస్తాను. ఎండలోకి రాగానే దగ్గరికి లాగి తియ్యి. కాదిర్ సాహెబ్‌కు కళ్ళద్దాలున్నా సరిగా ఆనదు," అన్నాడు. ఫిర్దౌస్ తలూపి ఫోను తీశాడు. వేళ్ళు అప్పుడే కొంకర్లు పోతున్నాయి.

హిలాల్ అతని కాళ్ళవైపు చూశాడు. "ఒరే, నాకు జీతం మొదలవ్వగానే ముందు నీకు బూట్లు కొంటాన్రా. ఆ పాతవాటికి టేపులు చుట్టుకుని తిరుగుతుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది. మొహమాటపడకు, మంచివే కొనుక్కుందాం."

ఆ మాటలో ఎకసెక్కం లేదు. హిలాల్ నిజంగానే కొంటాడు. కొని, తనే వంగి లేసులు కూడా కడతాడు. ఫిర్దౌస్‌కు అదే భరించరానిదైపోయింది. ఆ బూట్లు వేసుకుని మైనం పూస్తున్న తనూ, కాదిర్ సాహెబ్ పక్కన నిలబడ్డ హిలాలూ, జీవితాంతం వాడు తన్నిన మెట్లలో తన కాళ్ళూ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఆలోచించాడని చెప్పడానికి లేదు. వంగి, మంచు మీది తన గ్లౌజు తీసుకుని చేతికి తొడుక్కున్నాడు.

హిలాల్ చేతులు పట్టీ మీద ఆగిపోయాయి. తలెత్తి గ్లౌజు వైపు, తర్వాత గొంది వైపు చూశాడు. పెదవి కొరికాడు. మళ్ళీ కిర్రుకిర్రుమంటూ బిగించిన పట్టీలన్నీ ఒక్కొక్కటే విప్పి, లేచి, తన గ్లౌజు దులిపి పెట్టుకుని, బోర్డు వీపున వేసుకున్నాడు.

"పద," అన్నాడు. గొంతులో కోపం లేదు.

వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడుస్తుంటే ముగ్గురు పరదేశీ కుర్రాళ్ళు ఎదురయ్యారు. చేతులూపి, వీళ్ళ మెట్ల మీదుగానే కత్తెర వైపు పోయారు. కాసేపటికి కొండ పక్క నుంచి ఒక కేక వినిపించింది. ఫిర్దౌస్ గిర్రున వెనక్కి తిరిగాడు. అది భయంతో వేసిన కేక కాదు. మలుపు తిరిగాక కింద ముగ్గురూ ఎండలో కనబడ్డారు, చేతులు పైకెత్తి గంతులేస్తున్నారు. కత్తెర మధ్యలో మూడు గీతలు, చక్కగా, జడ అల్లినట్టు. మంచు గుప్పెడు కూడా జారలేదు.

హిలాల్ ఆగి ఆ గీతలను చాలాసేపు చూశాడు. మామూలు దారిలో ఇద్దరూ కిందికి జారి, అడవి దాటి, సుల్తాన్ కాక్ కొట్టు చేరేదాకా ఆ సంగతే ఎత్తలేదు.

కొట్లో టీ కాచే రాగి సమోవార్ బుసబుసమంటోంది. సుల్తాన్ కాక్ గులాబీ రంగు ఉప్పు టీ రెండు కప్పుల్లో పోసి, కాళ్ళ మధ్య పెట్టుకోమని కాంగ్డీ, నిప్పుల కుండ ఒకటి ఇటు జరిపాడు. హిలాల్ రొట్టె తీసి తుంచి, పెద్ద సగం ఉంచుకుని, చిన్నది ఇచ్చాడు. ఒక గుటక తాగాడు.

"ఇప్పుడు చెప్పు. గ్లౌజు ఎందుకు తీసుకున్నావు?"

ఫిర్దౌస్ దారంతా జవాబు వెతుకుతూనే వచ్చాడు. భయమేసిందని చెబితే సరిపోయేది. భయానికి ఎవరూ వంక పెట్టరు ఆ కొట్లో. కానీ హిలాల్ ముందు, వీడియో తీయడానికి నిలబడ్డవాడికి భయమేసిందని చెప్పడానికి అతనికి ముఖం చెల్లలేదు.

"చప్పుడు విన్నాను," అన్నాడు. "నువ్వు పట్టీలు బిగించుకుంటుంటే. నా కాలి కింద థుమ్మని. లోపల పొర కూలినట్టు."

హిలాల్ కప్పు కింద పెట్టాడు. అతని మొహంలో రంగు పోవడం ఫిర్దౌస్ చూశాడు.

"థుమ్మనా?"

"అవును."

"నేను నీ పక్కనే ఉన్నానే!"

"పట్టీల చప్పుడులో వినబడి ఉండదు."

"మరి ఆ కుర్రాళ్ళు?"

ఫిర్దౌస్ భుజాలెగరేశాడు. హిలాల్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. కనుబొమల మీది పిండి అప్పటికి కరిగి గీతలు కట్టింది. "వాళ్ళ నూకలు ఇంకా ఉన్నాయి, అంతే," అని, బల్ల మీదుగా చెయ్యి చాపి ఫిర్దౌస్ మెడ వెనక పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "నీ రుణం ఎలా తీర్చుకోన్రా?" అన్నాడు.

సోమవారం నాటికి ఆ చప్పుడు ఊరంతా పాకిపోయింది. రొట్టెల కోసం వచ్చిన ప్రతివాడికీ హిలాలే చెప్పాడు. అద్దె కొట్టు యజమాని ఫిర్దౌస్‌ను కొత్తగా చూశాడు. జీపుల స్టాండు దగ్గర చక్రాలకు గొలుసులు కడుతున్న డ్రైవర్లు "చెవులున్న మొనగాడొచ్చాడు" అని పిలిచి టీ ఇప్పించారు. యాకూబ్ దారిలో ఆపి, "అసలా చప్పుడు ఎలా ఉంటుంది భాయ్, మాకూ నేర్పకూడదా?" అని బతిమాలాడు. ఫిర్దౌస్ పనుందని తప్పించుకున్నాడు. ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా కొట్లోకీ వీధిలోకీ తిరిగాడు. ఒక బోర్డుకు రెండుసార్లు మైనం పూసి, ఇంకోదాన్ని పూయకుండానే ఇచ్చేశాడు.

మంగళవారం పొద్దున రొట్టెల కోసం వెళితే హిలాల్ తందూరు దగ్గర లేడు. అతని తండ్రి పొడవాటి ఇనుపకొక్కేలతో రొట్టె పైకి లాగుతూ, గడ్డంతో పెరటివైపు చూపించాడు. "రెండ్రోజుల్నుంచి అక్కడే చస్తున్నాడు. పిచ్చేమైనా పట్టిందేమో, నువ్వైనా చూడు నాయనా," అన్నాడు.

పెరట్లో ఇంటికప్పు మీద నుంచి దొర్లిన మంచు కుప్పలుగా పడి ఉంది. హిలాల్ ఒక కుప్ప మీద నిలబడి, చెవి మీది టోపీ పైకి మడిచి, మెడ వంచి, కాలితో మెల్లగా నొక్కుతున్నాడు. ఆగి వింటున్నాడు. ఒక అడుగు పక్కకు జరిగి మళ్ళీ నొక్కుతున్నాడు.

"వచ్చావా? ఇలా రా," అన్నాడు. "ఇది విను." మడమతో ఒకటి తన్నాడు. "ఇలా ఉందా?"

"ఏంటి?"

"ఆ చప్పుడు. ఇంత లోతుగా ఉందా, ఇంకా సన్నగానా? నీ కాలి కిందేనా, దూరంగా కూడా పాకిందా?"

"వదిలెయ్‌రా. అయిపోయిందిగా."

"నీకు అయిపోయింది. ఆ చప్పుడు నాకు తెలుసురా, ఎన్నిసార్లు విన్నాను! గ్లౌజు తీసుకున్న ప్రతిసారీ విన్నాకే తీసుకున్నాను. అదే నా ధైర్యం, వినబడుతుందని. మొన్న నీ పక్కనే కూర్చుని కూడా వినలేదంటే ఏమనుకోవాలి? తందూరు దగ్గర ఇన్నేళ్ళుగా ఆ హోరులో కూర్చుని చెవి పోయిందేమో. లేదా ఆ వీడియో మీద ఆశతో కొవ్వెక్కి వినలేదేమో." హిలాల్ నవ్వబోయాడు. "ఏదైనా ఒకటే. ఒక్కసారి చేసి చూపించు. నోటితోనైనా సరే."

ఫిర్దౌస్ నిలబడిపోయాడు. స్నేహితుడు తన నోటి వైపే చూస్తున్నాడు, చదువుకునే పిల్లవాడిలా. చేయకుండా తప్పించుకోవడం ఎలాగో తెలియక, నోటితో "థుమ్" అన్నాడు. హిలాల్ కళ్ళు మూసుకుని విని, తలూపి, మళ్ళీ మంచు నొక్కడం మొదలుపెట్టాడు. ఫిర్దౌస్ రొట్టెలు తీసుకోవడం కూడా మరిచి వచ్చేశాడు.

సాయంత్రం కాదిర్ సాహెబ్ తనే అద్దె కొట్టుకు వచ్చాడు. ఎర్రగా ఎండిన మొహం, పొడవాటి ఫెరన్ అంగీ లోపల కాంగ్డీ పట్టుకున్న చేతులు.

"నీ స్నేహితుడు ఇందాక వచ్చాడు. తన పేరు తీసెయ్యమన్నాడు. నా చెవుల మీద నాకే నమ్మకం లేదు సాహెబ్, నన్ను నమ్మి వచ్చేవాళ్ళను ఎలా తీసుకెళ్ళను అన్నాడు. ఫిర్దౌస్‌ను పెట్టుకోండి, వాడు వింటాడు అన్నాడు." ఆయన గోడకు ఆనించిన బోర్డులను ఒకసారి చూశాడు. "శుక్రవారం రా. పని మొదలుపెడదాం."

ఆయన వెళ్ళాక ఫిర్దౌస్ ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మైనం బోర్డు మీద నుంచి కారి అతని టేపులు చుట్టిన బూటు మీద పడి గడ్డకట్టింది. కోరుకున్నదంతా వచ్చింది. హిలాల్‌కు ఆ ఉద్యోగం రాకూడదని కోరుకున్నాడు, రాలేదు. కానీ హిలాల్ చెవులు పోవాలని ఎన్నడూ కోరుకోలేదు. ఇప్పుడు అవీ పోయాయి, తనే తీసేశాడు.

బుధవారం పొద్దున్నే కాదిర్ సాహెబ్ ఇంటికి వెళ్ళాడు. ఆయన చూరుకు వేలాడుతున్న మంచు ఊచలను కర్రతో కొట్టి రాలుస్తున్నాడు. ఫిర్దౌస్ సలాం చేసి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. చప్పుడేమీ లేదు, మంచు బాగుంది, అసూయతో గ్లౌజు తీసుకున్నాను, తర్వాత అబద్ధం చెప్పాను.

కాదిర్ సాహెబ్ కర్ర దించలేదు. ఇంకో ఊచను రాల్చి, అది పగలడం చూసి, అప్పుడు తిరిగాడు.

"వాడికి చెప్పావా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నావు? నీ వెనకా ముందూ దిగేది వాడా, నేనా?" గొంతు పెద్దది చేయలేదు. "నీ పేరు తీసేస్తున్నాను. వాడి వీడియో కోసం శుక్రవారం దాకా చూస్తాను. పో."

ఫిర్దౌస్ పరుగులాంటి నడకతో రొట్టెల కొట్టుకు వెళ్ళాడు. కత్తెరకు పోదాం రా అన్నాడు. హిలాల్ రానన్నాడు. ఒక్కసారి, నా కోసం, అక్కడ నీకో మాట చెప్పాలి అన్నాడు ఫిర్దౌస్. హిలాల్ అతని మొహం చూసి, ఇంకేమీ అడగకుండా ఒక రొట్టె బట్టలో చుట్టుకుని లేచాడు.

ఈసారి ఫిర్దౌస్ ముందు నడిచాడు. పాత మెట్లు గట్టిపడి అలాగే ఉన్నాయి, కొత్తగా తన్నే పని లేదు. వెనక హిలాల్ అడుగడుక్కీ ఆగి వింటున్నాడని తెలుస్తూనే ఉంది. కత్తెర నెత్తిన, మొన్నటి గొయ్యి పక్కన నిలబడి ఫిర్దౌస్ చెప్పాడు.

"నాకు ఏ చప్పుడూ వినబడలేదు. నీ చెవులు బాగానే ఉన్నాయి. బూట్లు కొంటానన్నావు చూడు, అప్పుడు తీసుకున్నాను గ్లౌజు. నువ్వు ఇది దిగడం చూడలేకపోయాను. కింద నిన్ను నమ్మించాను. కాదిర్ సాహెబ్‌కు పొద్దున చెప్పేశాను, నా పేరు తీసేశాడు. నీ వీడియో కోసం చూస్తానన్నాడు. దిగు. నేను తీస్తాను."

హిలాల్ వింటున్నంతసేపూ గొయ్యి వైపే చూశాడు. ఫిర్దౌస్ తిట్లకు సిద్ధపడ్డాడు, రెండు తగిలించినా పడదామనుకున్నాడు. హిలాల్ పార విప్పి, పాత గొయ్యి పక్కన కొత్తది తీశాడు. గోడ చెక్కాడు, వేలితో గీశాడు, స్తంభం కోశాడు. మణికట్టుతో, మోచేత్తో, భుజంతో కొట్టాడు. అది కదల్లేదు. కొండంచున నిలబడి మడమతో గట్టిగా తన్ని, మెడ వంచి విన్నాడు. అప్పుడు అతని భుజాలు సడలాయి. పోయిన వస్తువు మూడు రోజులకు దొరికినవాడిలా పెద్దగా ఊపిరి వదిలాడు.

"బాగానే ఉన్నాయి," అన్నాడు తనలో తను, టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.

ఫిర్దౌస్‌కు ఏడుపొచ్చినంత పనైంది. హిలాల్ కుడిచేతి గ్లౌజు తీసి మంచు మీద పెట్టాడు. ఫిర్దౌస్ వెంటనే తనది తీసి దాని పక్కన పెట్టి, ఫోను పొట్టకు ఆనించి ఉంచిన చోటు నుంచి బయటికి తీశాడు. హిలాల్ బూట్లు బోర్డులో పెట్టి ఒక పట్టీ బిగించాడు. రెండోది బిగించబోతూ తలెత్తి ఫిర్దౌస్‌ను చూశాడు. అతని జాకెట్ కింద ఎత్తుగా ఉన్న బీకన్‌నూ, భుజం వెనక నుంచి పైకి వచ్చిన పార పిడినీ, మళ్ళీ మొహాన్నీ చూశాడు. కోపంగా కాదు, కొలిచినట్టు చూశాడు.

తర్వాత చెయ్యి చాపి తన గ్లౌజు తీసుకున్నాడు.

ఎందుకని అక్కడ అడగకూడదు. ఫిర్దౌస్ అడగలేదు. అంచు వెంట నడుస్తున్నంతసేపూ, మామూలు దారిలో జారుతున్నంతసేపూ, అడవిలో చెట్ల మధ్య హిలాల్ వీపు కనబడుతూ మాయమవుతున్నంతసేపూ ఆ ఒక్క ప్రశ్నే గొంతులో ఆడింది. ఏదైనా విన్నాడేమో, నిజంగానే ఏదో పొర ఉందేమో. ఉంటే ఎంత బాగుండును, ఉండాలి ఖుదా అని మనసులో మొక్కుకున్నాడు.

సుల్తాన్ కాక్ రెండు కప్పులు పోసి కాంగ్డీ జరిపాడు. "ఇవాళా ఉత్త చేతులేనా?" అని సమోవార్ దగ్గరికి పోయాడు. హిలాల్ రొట్టె తీసి తుంచాడు. రెండు సగాలనూ చూసుకుని, పెద్దది ఫిర్దౌస్ ముందు పెట్టాడు, ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టినట్టు.

ఫిర్దౌస్ దాన్ని ముట్టుకోలేదు. "ఎందుకు తీసుకున్నావు?" అన్నాడు.

హిలాల్ టీలో రొట్టె ముంచి, నాని మెత్తబడేదాకా ఆగి, తిన్నాడు.

"మంచు బాగానే ఉంది," అన్నాడు. "రేపు యాకూబ్‌ను తీసుకుని పైకి వెళ్తాను."